సమ్మెకు 14 రోజుల నోటీసు అనే లెక్క ఎప్పటిది? యూనియన్లను కట్టడి చేసిన చట్టాల చరిత్ర తెలిసినవాళ్లు చెప్పండి

రెండోషిఫ్టు
డిసెంబర్ 6, 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ. పర్మనెంటు వాళ్లమే 380 మంది ఉంటాం. మూడేళ్ల నుంచి జీతాల ఒప్పందం లేదు. పోయిన నెల ఏడుగురం కూర్చుని యూనియన్ పెడదామని అనుకున్నాం. కాగితం ఇంకా ఎక్కడా ఇవ్వలేదు, మా ఏడుగురిలో ఇద్దరికి మాత్రం వేరే రాష్ట్రంలో ఉన్న యూనిట్‌కు బదిలీ ఆర్డర్లు వచ్చేశాయి.

నిన్న ఒక ఆఫీసరు మమ్మల్ని పిలిచి, "కొత్త చట్టం వచ్చింది, అందరూ కలిసి సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క, జైలుకు పోతారు" అన్నారు. నిజమేనా? అసలు ఈ 14 రోజుల నోటీసులు, జైళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయి? మా నాన్న రోజుల్లో ఇవేవీ లేవని ఇంట్లో అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

---

బెజవాడ లాయరు
డిసెంబర్ 7, ఉదయం 7:15

తమ్ముడూ, ముందు నీ ప్రశ్నకు జవాబు. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020లో పార్లమెంటు దాటింది, పోయిన నెల 21 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సమ్మె అనే మాటకు కొత్త అర్థం చేర్చారు. సగం మంది, అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెడితే అది సమ్మె. అంటే మీ దగ్గర 190 మంది. నోటీసు లేకుండా చేస్తే చట్టవిరుద్ధం. శిక్ష వెయ్యి నుంచి పదివేల దాకా జరిమానా, లేదా నెల రోజుల వరకు జైలు, లేదా రెండూ. కాబట్టి ఆయన చెప్పిన మాట అబద్ధం కాదు. అయితే యూనియన్ పెట్టుకోవడం నేరమని ఏ చట్టంలోనూ లేదు. యూనియన్‌లో చేరినందుకు వేధించడమే చట్టం ప్రకారం అనుచిత చర్య, దానికి శిక్ష కూడా ఉంది. ఈ రెండోది ఆయన నీకు చెప్పలేదు.

చరిత్ర సంగతి పాతరసీదు గారు బాగా చెబుతారు.

---

పాతరసీదు
డిసెంబర్ 7, ఉదయం 10:05

పిలిచినందుకు థాంక్స్ లాయరు గారూ. 31 ఏళ్లు యూనియన్ ఆఫీసులో రసీదు పుస్తకాలు మోసినవాణ్ణి, ఈ సంగతి ఎత్తితే ఊరుకోలేను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

బాబూ, మీ నాన్న రోజుల్లో లేదన్నది సగమే నిజం. 14 రోజుల నోటీసు, నెల జైలు, రెండూ 1929 నాటివి. ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన కార్మిక వివాదాల చట్టంలోనే ఆ రెండు అంకెలూ ఉన్నాయి. అప్పట్లో రైల్వే, తపాలా, నీళ్లు, కరెంటు లాంటి ప్రజోపయోగ సేవల్లో నెల జీతానికి పనిచేసేవాళ్లకు మాత్రమే అది వర్తించేది. నోటీసు ఇవ్వకుండా పని ఆపితే నెల వరకు జైలు, లేదా 50 రూపాయల జరిమానా. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కూడా అదే నెలను, అదే 50 రూపాయలను ఉంచింది. ఇప్పుడు జరిమానా పెరిగింది, నెల జైలు అలాగే ఉంది, నోటీసు మాత్రం ప్రతి ఫ్యాక్టరీకీ పాకింది. మీ నాన్నగారిది ప్రజోపయోగ సేవ కాకపోతే ఆయనకు ముందస్తు నోటీసు అవసరం లేకపోయింది. ఆ మేరకు ఆయన మాట సరైనదే.

1929 అనగానే ఇంకొకటి గుర్తుకు రావాలి. ఏప్రిల్ 8న భగత్ సింగ్, బటుకేశ్వర్ దత్ ఢిల్లీ అసెంబ్లీలో బాంబు వేశారని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఆ రోజు సభలో ఏం జరుగుతోందని అడిగితే పెద్దవాళ్లు కూడా ఆగిపోతారు. అప్పుడే ఆమోదం పొందింది ఈ కార్మిక వివాదాల బిల్లే. పక్కన ప్రజా భద్రత బిల్లు మీద సభాధ్యక్షుడు విఠల్‌భాయ్ పటేల్ రూలింగ్ ఇవ్వబోతున్నారు. చెవిటివాళ్లకు వినిపించాలంటే గొంతు పెద్దది కావాలన్న కరపత్రం అక్కడ రాలింది. ఆ ముందు నెల 20న మీరట్ కుట్ర కేసు పేరుతో దేశమంతటా కార్మిక నాయకులను పట్టుకుపోయారు. ఆ ముందు ఏడాది బొంబాయి బట్టల మిల్లుల్లో లక్షన్నర మంది దాదాపు ఆరు నెలలు సమ్మె చేశారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ చట్టంలో నోటీసు కంటే కఠినమైన సెక్షన్ ఇంకొకటి ఉంది. తమ పరిశ్రమ వివాదం దాటి, జనానికి ఇబ్బంది కలిగించి ప్రభుత్వం మీద ఒత్తిడి తేవడానికి చేసే సమ్మె చట్టవిరుద్ధం. ఇంగ్లండులో 1926 సార్వత్రిక సమ్మె తర్వాత 1927లో అక్కడ చేసిన చట్టాన్ని చూసి ఇక్కడ రాసుకున్నారు. వేరే పరిశ్రమ వాళ్ల కోసం పని ఆపి ప్రభుత్వాన్ని ఇరుకున పెట్టకూడదన్నమాట.

---

చిన్న పరిశ్రమ
డిసెంబర్ 7, మధ్యాహ్నం 1:20

నాది బాలానగర్‌లో చిన్న మెషిన్ షాపు, 34 మంది. నేను యూనియన్లకు శత్రువును కాను, మా నాన్నే యూనియన్ మెంబరు. కానీ ఒక మాట. 14 రోజులు ముందు చెప్పమనడంలో తప్పేముంది? ఆర్డరు చేతిలో ఉండగా పొద్దున వచ్చి మెషిన్ ఆపేస్తే నేను బ్యాంకుకు ఏం చెప్పాలి? అవతలి కంపెనీకి ఏం చెప్పాలి? ఇల్లు ఖాళీ చేయించాలన్నా నోటీసు ఇస్తాం కదా.

---

బెజవాడ లాయరు
డిసెంబర్ 7, మధ్యాహ్నం 2:45

మీ ప్రశ్న న్యాయమైనదే. నోటీసు ఒక్కటే అయితే నేనూ మీతో గొడవ పడను. ఆ తర్వాతి మెట్లు చూడండి.

నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి. ఆ లోపలే కన్సిలియేషన్ అధికారి, అంటే రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, రెండు పక్షాలనూ పిలుస్తాడు. మొదటి మీటింగ్ జరిగిన రోజు నుంచి కన్సిలియేషన్ నడుస్తున్నట్టు లెక్క. అది నడుస్తుండగా సమ్మె చేయకూడదు. అయిపోయాక ఇంకో 7 రోజులు చేయకూడదు. ఈలోగా ఏ పక్షమైనా ట్రిబ్యునల్‌కు, అంటే కార్మిక వివాదాలు తేల్చే కోర్టుకు, వెళ్లవచ్చు, యజమాని కూడా వెళ్లవచ్చు. అక్కడ కేసు నడిచినన్నాళ్లు చేయకూడదు. తీర్పు తర్వాత 60 రోజులు చేయకూడదు. ఇక నోటీసు ఇచ్చిన 60 రోజుల్లోపు సమ్మె చేయకపోతే ఆ నోటీసుకు కాలం చెల్లుతుంది, మళ్లీ మొదటికి రావాలి.

ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కి చట్టబద్ధంగా సమ్మెకు దిగగలిగే రోజు ఏదో క్యాలెండర్ మీద గుర్తుపెట్టమని నా జూనియర్లకు చెప్పాను. యజమాని ట్రిబ్యునల్‌లో ఒక్క అప్లికేషన్ వేస్తే ఆ రోజు దొరకడం లేదు.

---

పాతరసీదు
డిసెంబర్ 7, సాయంత్రం 5:30

లాయరు గారు చెప్పిన ట్రిబ్యునల్ దారి గురించి మన తెలుగాయన ఒకరు ఎప్పుడో హెచ్చరించారు. వి.వి. గిరి గారు. రాష్ట్రపతిగానే అందరికీ గుర్తు, అంతకుముందు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు, 1952 నుంచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి. తగాదా వచ్చిన ప్రతిసారీ ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు తోస్తే, రెండు పక్షాలూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటే చచ్చిపోతుందని, యూనియన్లు ప్లీడర్ల మీద బతకాల్సి వస్తుందని ఆయన వాదన. ఢిల్లీలో చెల్లలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వమే మార్చితే మంత్రి పదవికి రాజీనామా చేసి బయటికి వచ్చారు. మాట కోసం కుర్చీ వదిలిన ఆ ఒక్క పనికే నాకు ఆయనంటే గౌరవం.

---

పెరంబూరు మనవడు
డిసెంబర్ 7, రాత్రి 8:10

చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం. ఈ కథకు మొదలు మా పేటలో ఉంది, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

పెరంబూరు బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు బిన్నీ కంపెనీవి. మధ్యాహ్నం అన్నం తినడానికి చాలినంత టైమ్ ఇవ్వడం లేదన్నది అక్కడి కార్మికుల మొదటి ఫిర్యాదుల్లో ఒకటి. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు. ఆయన దగ్గరికి వెళ్లి బతిమాలి తీసుకొచ్చిన ఇద్దరు సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు.

1920 చివర్లో గొడవ ముదిరినప్పుడు కంపెనీ కోర్టుకెక్కింది. పని మానమని చెప్పి మా కార్మికుల చేత కాంట్రాక్టు ఉల్లంఘన చేయిస్తున్నారు, మాకు నష్టపరిహారం ఇప్పించండి అని. మద్రాసు హైకోర్టు వాడియా మీద ఇంజంక్షన్, అంటే ఆ పని చేయకూడదన్న ఉత్తర్వు, ఇచ్చింది. సమ్మెను నిషేధించే చట్టమేదీ అప్పుడు లేదు, అవసరమూ పడలేదు. కాంట్రాక్టు చట్టమే సరిపోయింది. చివరికి రాజీలో వాడియా కార్మికోద్యమం నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండులో అయితే 1906 నుంచి యూనియన్ల మీద ఇలాంటి దావా వేయడానికి వీల్లేదు. అదే ఇంగ్లీషు కంపెనీ ఇక్కడ వేసి గెలిచింది.

---

పాతరసీదు
డిసెంబర్ 7, రాత్రి 8:55

పెరంబూరు మనవడు గారూ, చాలా సంతోషం. ఆ కేసు దెబ్బకే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921 మార్చిలో అసెంబ్లీలో తీర్మానం పెట్టారు. అయిదేళ్లు నానబెట్టి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం చేశారు, 1927 జూన్ 1 నుంచి అమలు. రిజిస్టరైన యూనియన్ వాళ్ల మీద కుట్ర కేసు చెల్లదు, కాంట్రాక్టు ఉల్లంఘన చేయించారని సివిల్ దావా చెల్లదు. 17, 18 సెక్షన్లు. వాడియాకు లేని గొడుగు అది.

అయితే ఒక్క మాట అందులో రాయలేదు. యూనియన్‌తో యజమాని మాట్లాడి తీరాలి అనే మాట. 1947లో ఆ మాట చేర్చి సవరణ చట్టం పాస్ చేశారు కూడా. గెజిట్‌లో అమలు తేదీ మాత్రం వేయలేదు. ఇప్పటిదాకా వేయలేదు. పాసై మూలన పడిన చట్టం. నేను యూనియన్‌లో చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఆ కాపీ చూపించి, "ఇది మన పెళ్లి శుభలేఖ, ముహూర్తం వేయలేదు" అన్నారు. అప్పుడు ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

అంతకంటే వెనక్కి పోతే 1859 చట్టం. అడ్వాన్సు తీసుకున్న పనివాడు పని మానేస్తే మేజిస్ట్రేటు అతన్ని మూడు నెలల వరకు కఠిన కారాగారానికి పంపవచ్చు. యజమాని మాట తప్పితే అది డబ్బు తగాదా, పనివాడు మాట తప్పితే నేరం. 1925లో గానీ దాన్ని రద్దు చేయలేదు.

---

సిరిసిల్ల సాంచా
డిసెంబర్ 8, ఉదయం 6:30

లాయరు సారు చెప్పని కొత్త కోడ్ ముచ్చట ఇంకొకటుంది. 51 శాతం మద్దతున్న యూనియన్ ఒక్కటే మాట్లాడాలె అని. అది వినంగనే మా తాత యాదికొచ్చిండు.

మేం పద్మశాలీలం. మా తాత 1950లల్ల బొంబాయి పోయి బట్టల మిల్లుల చేరిండు. వర్లీ బీడీడీ చాల్లో ఒక్క అర్రల పదకొండు మంది ఉండేటోళ్లు. మిల్లు కార్డు, యూనియన్ రసీదులు ఒక బిస్కెట్ డబ్బాల పెట్టేటోడు, ఆ డబ్బా ఇప్పటికీ మా ఇంట్ల ఉన్నది. ఆ రసీదులన్నీ రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌వి. ఎందుకంటే 1946 బొంబాయి చట్టం ప్రకారం అదే ప్రాతినిధ్య యూనియన్, జీతాల ఒప్పందం చేసే హక్కు దానికే. అందుకు నాలుగో వంతు సభ్యత్వం ఉంటే చాలు.

1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగిండ్రు. కార్మిక నాయకుడు దత్తా సామంత్ వెనుక నడిచిండ్రు. సర్కారు, మిల్లుల మాలకులు ఏమన్నరంటే, సామంత్‌తోని మాట్లాడేది లేదు, చట్టం ప్రకారం మాకు ఆ సంఘమే యూనియన్ అని. కార్మికులు ఒకదిక్కు, చట్టం గుర్తించిన సంఘం ఒకదిక్కు. ఆ సమ్మెను ఆపుతున్నమని ఇప్పటిదాకా ఎవ్వరూ చెప్పలేదు, మిల్లులే మూతపడ్డయి. తాత ఏడాదిన్నర చూసి సిరిసిల్ల తిరిగొచ్చి సాంచాల (మరమగ్గాల) మీద కూలికి కూసున్నడు. ఒక్క యూనియన్‌కు తాళంచెవి ఇచ్చుడు మంచిదే, జనం మనసు మారినప్పుడు ఆ తాళంచెవి మార్చుకునే తొవ్వ ఉండాలె. నేను చెప్పేది గంతే.

---

గోదావరిఖని ఫస్ట్ షిఫ్ట్
డిసెంబర్ 8, మధ్యాహ్నం 3:40

సిరిసిల్ల అన్నా, ఆ తొవ్వ మా దగ్గర ఉన్నది. సింగరేణిలో 1998 నుంచి రహస్య ఓటుతో గుర్తింపు సంఘాన్ని ఎన్నుకుంటున్నాం. అంతకుముందు డజన్ల కొద్దీ యూనియన్లు, ఏడాదికి వందల్లో చిన్న చిన్న సమ్మెలు. ఒక గనిలో లాంప్ రూమ్ దగ్గర మాట జారితే షిఫ్టంతా ఆగేది. ఓటు వచ్చాక మేనేజ్‌మెంట్‌కు ఎవరితో మాట్లాడాలో తెలిసింది, మాకు ఎవరిని నిలదీయాలో తెలిసింది. మొన్న 2023 డిసెంబర్ 27న కూడా ఓట్లేశాం, దాదాపు 40 వేల మంది ఓటర్లం. ఏఐటీయూసీ గెలిచింది, అంతకుముందు రెండుసార్లు గెలిచిన సంఘం ఓడింది. ఓడించగలగడమే దీనిలో ఉన్న బలం.

గమనించాల్సింది ఏంటంటే ఇది ఏ చట్టం ఇచ్చిందీ కాదు. 1958 నాటి క్రమశిక్షణ నియమావళి అనే ఒప్పందం మీద నడిచింది. మా కాంట్రాక్టు కార్మికులకు ఆ ఓటు లేదు. అదే బొగ్గు, అదే దుమ్ము, ఓటు మాత్రం లేదు. అది మాకు తలవంపు.

---

చిన్న పరిశ్రమ
డిసెంబర్ 8, రాత్రి 9:00

చదువుతున్నాను. లాయరు గారి మెట్ల లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక విషయం చెప్పాలి. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒకసారి ఆస్పత్రి సిబ్బంది సమ్మెతో వరుసగా రెండుసార్లు తప్పిపోయింది. ఆ నాలుగు రోజులు ఆమె ఊపిరి చూస్తూ కూర్చున్నాను. అలాంటి చోట ఎస్మా, అంటే అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం, ఉండకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

---

ఉద్దానం అమ్మాయి
డిసెంబర్ 8, రాత్రి 10:25

అన్నయ్యా, మాది ఉద్దానం. డయాలసిస్ అంటే ఏంటో మా ఊళ్లలో ప్రతి ఇంటికీ తెలుసు. మీ బాధ నిజమైనది. ప్రాణం మీదికి వచ్చే చోట సమ్మెకు హద్దు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా అంటుంది. అలా హక్కు తీసుకున్నప్పుడు, బదులుగా త్వరగా, పక్షపాతం లేకుండా తేల్చే ఏర్పాటు ఇవ్వాలని కూడా అంటుంది. మన దగ్గర మొదటి సగమే తీసుకున్నారు.

మా అమ్మ అంగన్‌వాడీ వర్కర్. 2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతా సమ్మె మొదలైంది. జీతం పెంచాలని, గ్రాట్యుటీ ఇవ్వాలని. గ్రాట్యుటీ వీళ్లకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా పెట్టింది, ఆరు నెలలు సమ్మె నిషేధం. ఆ రాత్రి అమ్మ జీవో కాపీని ఫోన్‌లో పెద్దది చేసుకుని మళ్లీ మళ్లీ చదివింది. చదివి నన్ను ఒకటే అడిగింది. "నాకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అంటారు. నేను ఉద్యోగిని కాదు, కార్మికురాలిని కాదు, స్వచ్ఛంద సేవకురాలిని అంటారు. మరి నేను పని మానితే అది సమ్మె ఎలా అయింది?"

నా దగ్గర జవాబు లేదు. 42 రోజులు రోడ్డు మీదే కూర్చున్నారు. ఆ రోజుల్లో కూడా పొద్దున లేవగానే గుడ్ల రిజిస్టరు తీసి, మళ్లీ అటక మీద పెట్టేది.

---

పాతరసీదు
డిసెంబర్ 9, ఉదయం 9:30

అమ్మా, మీ అమ్మగారి ప్రశ్న గొప్ప గొప్ప లాయర్లు వేయాల్సిన ప్రశ్న.

ఎస్మా మొదట ఆర్డినెన్సుగా 1960 జూలైలో వచ్చింది, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె మీద. 1968 సెప్టెంబర్ 19 సమ్మెకు మళ్లీ ఆర్డినెన్సు, ఆ వెంటే చట్టం. మన ఆంధ్రప్రదేశ్ చట్టం 1971ది. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది, దాని నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను ఆరు రోజుల ముందే అరెస్టు చేశారు. దేశ రక్షణ నిబంధనలు, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం వాడి వేలమందిని లోపల వేశారు. 20 రోజుల్లో అణిచేశారు. 2003లో తమిళనాడులో లక్షన్నరకు పైగా ప్రభుత్వ ఉద్యోగులను ఒక్క వేటుతో తీసేస్తే, సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి తీసుకునేలా చూసింది గానీ, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టబద్ధ హక్కు లేదు, నైతిక హక్కు కూడా లేదు అని రాసింది. మొదటిది 1962 నుంచి కోర్టు అంటున్నదే. ఆ మూడో మాట దగ్గరే నాకు గుండె కలుక్కుమంటుంది. చట్టం ఏం ఇచ్చిందో కోర్టు చెప్పాలి. నీతి ఏదో మీ అమ్మగారికి కూడా తెలుసు.

1938లో బొంబాయి శాసనసభలో ఇలాంటి బిల్లే వచ్చింది, తెచ్చింది కాంగ్రెస్ ప్రభుత్వం. అంబేడ్కర్ లేచి నిలబడ్డారు. పని మానడం మహా అయితే సివిల్ తప్పు, దాన్ని నేరం చేస్తే మనిషిని ఇష్టం లేకుండా పనిచేయించడమే, అది బానిసత్వమే అని వాదించారు. నవంబర్ 7న బొంబాయిలో ఒకరోజు సమ్మె కూడా చేయించారు. బిల్లు చట్టమైంది. ఆ వాదనకు జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

---

డాలస్ తెలుగు
డిసెంబర్ 9, రాత్రి 11:50

ఇక్కడి సంగతి ఒక్క ముక్క. టెక్సస్‌లో ప్రభుత్వ స్కూలు టీచర్లు సమ్మె చేయకూడదు, వాళ్ల తరఫున ఏ సంఘమూ జీతాల ఒప్పందం కుదుర్చుకోకూడదు. 1947 నాటి రాష్ట్ర చట్టం. మా పాప టీచర్ వారాంతాల్లో ఇంకో పని చేస్తుంది. సంపన్న దేశం కదా, ఇక్కడ ఇవన్నీ ఉండవని నేను అనుకునేవాణ్ణి.

---

బెజవాడ లాయరు
డిసెంబర్ 10, ఉదయం 7:05

రెండోషిఫ్టు తమ్ముడికి, అందరూ చదివేలాగే రాస్తున్నాను.

రిజిస్ట్రేషన్ అప్లికేషన్ మీద ఏడుగురి సంతకాలు చాలు. కానీ ఆ రోజుకు మొత్తం కార్మికుల్లో పదో వంతు గానీ, వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఇది 2001 సవరణతో వచ్చింది, కోడ్ కూడా ఉంచింది. 1926 నుంచి 2001 దాకా ఏడుగురుంటే సరిపోయేది. మీకు 38 మంది కావాలి. యూనియన్ నాయకుల్లో కొందరిని "రక్షిత కార్మికులు"గా గుర్తించే ఏర్పాటు ఉంది, కానీ అది రిజిస్టరైన యూనియన్ పేర్లు ఇచ్చిన తర్వాతే. సంతకం పెట్టిన రోజుకూ సర్టిఫికెట్ వచ్చిన రోజుకూ మధ్య మీరు బయటే ఉన్నట్టు. అందుకే ఆ మధ్య కాలం చిన్నదిగా ఉండాలి. పుస్తకం ఒకరి దగ్గరే పెట్టకండి. సభ్యత్వ రుసుము ప్రతి ఒక్కరి దగ్గరా తీసుకుని రసీదు ఇవ్వండి. బదిలీ ఆర్డర్లు వచ్చిన ఇద్దరూ వాటి కాపీలు, తేదీలు నాకు పంపమను.

---

చిన్న పరిశ్రమ
డిసెంబర్ 10, రాత్రి 8:15

రసీదు పుస్తకాలు అచ్చు వేయాలంటే మా వీధిలోనే ప్రెస్ ఉంది. ఖర్చు నాది. పేరు చెప్పనక్కర్లేదు.

---

రెండోషిఫ్టు
డిసెంబర్ 11, రాత్రి 11:55

అందరికీ దండాలు. మీరు రాసింది మొత్తం ప్రింట్ తీయించి బస్సులో చదివించాను. పెరంబూరు వాళ్ల అన్నం టైమ్ సంగతి దగ్గర మా ప్యాకింగ్ సెక్షన్ అక్కలు ఆపి మళ్లీ చదవమన్నారు. మాకూ అరగంటే.

సంతకాలు కంపెనీ బస్సు వెనక సీట్లలో, లైట్ ఆపాక ఫోన్ టార్చ్ వెలుగులో పెడుతున్నారు. నిన్నటికి 31. ఈ రాత్రి దిగేటప్పటికి 36. బదిలీ అయిన ఇద్దరూ రేపు పొద్దున రైలు దిగుతున్నారు. వాళ్లతో 38.